రాజీ మెడ కమిలిన ఏడు

నర్మెట్ట దగ్గరి తండాలో ఉండే రాజీకి అప్పుడు నలభై ఆరేళ్లు. నాలుగైదేళ్లుగా ఆమెకు ఎముకలు సలిపేవి. రెండుసార్లు మూత్రంలో రాళ్లు పడ్డాయి. వీటన్నిటికన్నా మనసు మొద్దుబారడమే ఎక్కువ. కూతురు ప్రియకు కొడుకు పుట్టాడని కబురొస్తే "మంచిది" అని మళ్లీ గోడకు ఆనుకుంది. భర్త భోజ్యా రోజూ మండల కేంద్రంలోని దీక్షా శిబిరానికి పోయొచ్చి, తెలంగాణ ఎప్పుడొస్తుందో చెప్పుకుపోయేవాడు. ఆమె వింటున్నదో లేదో అతనికి తెలిసేది కాదు.

2011లో సకల జనుల సమ్మె మొదలైన రెండో వారం. పత్తి చేనులో కలుపు తీస్తుండగా రాజీ మెడ లోపల ఏదో పుటుక్కుమన్నట్టయింది. సాయంత్రానికి గొంతు వాచి, మెత్తటి జొన్న గటక కూడా దిగలేదు. మూడోనాటికి మెడ నుంచి రొమ్ముల దాకా చర్మం నల్లగా కమిలిపోయింది. ఆమె అద్దంలో ఒకసారి చూసుకుని, అది వేరెవరిదో ఒళ్లయినట్టు పైట కప్పేసుకుంది.

పెద్దవంగర నుంచి వచ్చిన తమ్ముడు ప్రేమ్‌సింగ్ ఆ మెడ చూశాడు.

"ఎవలు పిసికిండ్రక్కా?"

"ఎవలు లేరు."

"బావనా?"

"కాదు."

ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. అందుకే ఎవరూ నమ్మలేదు. ఆ పొద్దే పెద్దమనుషులు కూర్చున్నారు. బావే గొంతు పిసికిండని ప్రేమ్‌సింగ్ అందరి ముందు అన్నాడు. "నేను చెయ్యెత్తలే" అని భోజ్యా ఒక్కసారే అన్నాడు. నిజం తేలేదాకా ఇంట్లో అడుగు పెట్టొద్దని తండా నాయక్ టీక్యా చెప్పాడు. భోజ్యా దుప్పటి తీసుకుని చేను దగ్గరి పాకకు పోతుంటే రాజీ గడపలో కూర్చుని చూసింది. ఏదో అనాలని తెలుసు. లేచి లోపలికి పోయి గోడకు ఆనుకుంది.

బస్సులు లేవు. మర్నాడు ప్రేమ్‌సింగ్ ఆమెను మోటర్ సైకిల్ మీద జనగామ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరమ్మ అతన్ని బయటకు పంపి, "భయపడకు. మీ ఆయన గొంతు పట్టిండా?" అని అడిగింది.

"లేదమ్మా. కలుపు తీస్తుంటె దానంతట అదే అయింది."

డాక్టరమ్మ మెడంతా వెతికింది. గోటి గీత లేదు, వేలి ముద్ర లేదు. ఎముకల నొప్పుల గురించి, రాళ్ల గురించి, నీరసం గురించి ఒక్కొక్కటే అడిగింది. రక్తపరీక్షలో కాల్షియం చాలా ఎక్కువ ఉంది. వరంగల్ పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

ట్రాలీ ఆటోలో పోతుంటే సమ్మె కుర్రాళ్లు దారికడ్డంగా రాళ్లు పెట్టి నిలబడ్డారు. రాజీ మెడ చూసి, ఏమీ అడగకుండా రాళ్లు పక్కకు జరిపారు.

స్కానింగ్ చూసిన పెద్ద డాక్టర్ ప్రేమ్‌సింగ్‌ను కూర్చోబెట్టి చెప్పాడు. "థైరాయిడ్ ఎనక బియ్యపు గింజలంత గ్రంథులు నాలుగుంటయి. పారాథైరాయిడ్ అంటరు. మీ అక్కకు అండ్ల ఒకటి గడ్డయింది. అది పగిలి, లోపల కారిన రక్తమే రొమ్ముల దాకా దిగింది. ఎముకల నొప్పులు, రాళ్లు, మనిషి గట్ల మొద్దువారుడు గూడ దానివల్లనే."

"ఎవలు కొట్టకుండనేనా?"

"ఎవలు ముట్టకుండనే. శాన తక్కువ మందికి అయితది."

ప్రేమ్‌సింగ్ డాక్టర్ రాసిన కాయితం తెచ్చి టీక్యాకు చూపించాడు.

భోజ్యాను ఇంటికి రమ్మన్నారు. వచ్చాడు కానీ మాట తగ్గిపోయింది. శిబిరం ముచ్చట్లు కూడా చెప్పలేదు. రాజీ మెడ మీది నలుపు పచ్చబడి, పసుపై, మాసిపోయింది. లోపలి వాపు తగ్గేదాకా ఆగి, జనవరిలో ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. కొన్నాళ్లు పెదాలు, వేళ్లు తిమ్మిరెక్కితే కాల్షియం బిళ్లలు మింగింది.

నెల దాటాక ఒక పొద్దున మోకాళ్ల నొప్పి లేకుండా లేచింది. పొయ్యి ముట్టిస్తుంటే, దుప్పటి చంకన పెట్టుకుని పోతున్న భోజ్యా ఆమెకు అప్పుడు గుర్తొచ్చాడు. పని అక్కడే వదిలి, ఒక్కతే ఆటో ఎక్కి పెద్దవంగర పోయింది.

"తండందరి ముందట అన్నవు. అందరి ముందటనే తప్పయిందని చెప్పు" అంది తమ్ముడితో.

ఆదివారం ప్రేమ్‌సింగ్ వచ్చి చెప్పాడు. టీక్యా తల ఊపాడు. భోజ్యా అంతా విన్నాడు.

"డాక్టర్ కాయితం లేకుంటె ఇయ్యాల్టికి గూడ నమ్మకపోదురు" అన్నాడు.

రాజీ అక్కడే, అందరి మధ్యలో ఏడ్చింది. ఆమె ఏడవగా చూసి భోజ్యాకు ఎన్నేళ్లయిందో.