మ్యాపులో దొరికిన వాన దొంగలు

మా అక్కను బోధన్‌లో ఇచ్చారు. మేం మాక్లూర్ వాళ్లం. బావకు మా ఊరి మీద ఒకటే ఫిర్యాదు: బోధన్‌కు రావలసిన వానను మేమే మధ్యలో ఆపుకుంటున్నామని. అన్నం ముందు కూర్చున్నా అదే మాట.

నేను నిజామాబాద్‌లో కాలేజీ పిల్లలకు భూగోళం చెబుతాను. పోయిన వానాకాలం వాళ్ల కోసం ట్యాబ్‌లో, ఫోన్లో చూసే ఒక మ్యాపు తయారుచేశాను. జిల్లాలోని మండలాలన్నీ అందులో ఉంటాయి. కింద ఉన్న గీత మీద వేలు జరిపితే సంవత్సరాలు మారతాయి. వాన బాగా పడ్డ చోట నీలం ముదురుతుంది, పడని చోట తెల్లబడుతుంది. ఏ మండలం ఏ మండలంతో కలిసి మారుతోందో కళ్లకు కనబడుతుంది.

అది పూర్తికాగానే నాకు బావ గుర్తుకొచ్చాడు.

ఆదివారం ట్యాబ్ పట్టుకుని బోధన్ వెళ్లాను. మాక్లూర్ ముదురు నీలంగా, బోధన్ తెల్లగా ఉన్న ఒక్క సంవత్సరాన్ని ఏరి ఆయన ముందు పెట్టాను.

"నువ్వు చెప్పిందే నిజం బావా. మేమే దొంగలం," అన్నాను, ముఖం వీలైనంత దీనంగా పెట్టి.

బావ ఆనందం చూడాలి! "నేను మొదటిసంది చెప్తలేనా! ఓయ్, ఇటు రా, మీ తల్లిగారోళ్ల బండారం బయటపడ్డది సూడు!" అని అక్కను కేకేశాడు.

అక్క పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. కాసేపు చూసి, గీతను వేలితో జరిపింది. మాక్లూర్ వెలిసిపోయింది, బోధన్ నీలమైంది.

"మరి గీ సాల్ దొంగలెవ్వరు? మనమేనా?"

నాకు నవ్వు ఆగలేదు. అక్క ఇంకా జరిపింది. చాలా ఏళ్లు రెండు మండలాలూ కలిసే తడిశాయి, కలిసే ఎండాయి. బావ మీసం దువ్వుకున్నాడు.

"వాన సంగతి ఇడిసిపెట్టు బామ్మర్ది. చెరుకు సూపెట్టు."

పిల్లల కోసం పంటలకూ అలాంటి మ్యాపే చేసి ఉంచాను, అది తెరిచాను. బోధన్ చుట్టూ చెరకు రంగు ఏడాదికింత పలచబడుతుంటే, అవే చోట్ల వరి రంగు పరుచుకుంది. చిన్నప్పుడు చెరకు బండ్ల వెంట ఉరికి గడలు గుంజుకున్న మనిషి ఆయన.

"గిట్ల సూస్తుంటె పానం ఒక తీర్గైతున్నది," అన్నాడు.

అక్క చాయ్ ఇచ్చింది. సగం తాగేసరికి బావకు హుషారు తిరిగొచ్చింది. మ్యాపును తన ఫోన్లో వేయించుకుని, మెండోర మీద పసుపు పంట రంగు చిక్కగా ఉండటం చూసి, ఆ ఊళ్లో ఉన్న చిన్నాయన కొడుక్కు అక్కడికక్కడే ఫోన్ కలిపాడు.

"ఏం తమ్మీ, మీ దిక్కు పసుపు గింత పండుతున్నదా? సబూత్ ఉన్నది నా దగ్గర, మ్యాపుల సాఫ్ కనబడుతున్నది! మాకు ఒక్క డబ్బ గూడ పంపకపోతివి!"

అవతలి వైపు నుంచి వచ్చిన తిట్లు వంటింట్లోకి కూడా వినబడ్డాయి.