జవాబు కోసం ఆగే క్యాసెట్

మా చెల్లెకు పుట్టుకతోనే చెవులు వినబడవు. కరీంనగర్‌లో ఆమె చదివే బడి టీచరమ్మ, సెలవుల్లో సుల్తానాబాద్‌లోని మా ఇంట్లో కూడా పాఠం సాగాలని, పెళ్లిళ్లు తీసే వీడియో అతన్ని పట్టుకొని ఒక క్యాసెట్ తీయించింది. మా బాపు ఎక్కడో పాత వీసీఆర్ సంపాదించుకొచ్చాడు. క్యాసెట్‌లో టీచరమ్మ తన గొంతు మీద చెయ్యి పెట్టుకొని, పెదవులు బాగా కదిలిస్తూ ఒక మాట అంటుంది. ఆగి, జవాబు కోసం చూస్తుంది. తర్వాత చప్పట్లు కొడుతుంది. చెప్పినా కొడుతుంది, చెప్పకపోయినా కొడుతుంది. అంత మెచ్చుకునే టీచర్ నాకెప్పుడూ దొరకలేదు.

చెల్లె టీవీ డబ్బాకు అరచెయ్యి ఆనించి, ఆ అదురు పట్టుకొని మాట అనేది. అన్నం. నీళ్లు. చివరి మాట అవ్వ, మేం అమ్మను పిలిచే మాట. టీవీకైతే చెప్పేది గానీ, కన్న అవ్వ ఎదురుగా కూర్చుంటే నోరు విప్పేది కాదు. అవ్వకు కావలసిందల్లా ఆ ఒక్క పిలుపే.

ఆ వానకాలంలో టీచరమ్మ పచ్చకామెర్లతో చనిపోయింది. చెల్లెకు ఎట్లా చెప్పాలో మాకెవరికీ తెలియలేదు. క్యాసెట్ నడుస్తూనే ఉంది. పోయిన మనిషి సాయంత్రం పూట మా ఇంట్లో తల కాస్త పక్కకు వంచి, జవాబు కోసం చూస్తుంటే నాకు ఒళ్లు జలదరించేది.

పక్కింటి పెద్దమ్మ ఊరుకోలేదు. "సచ్చినామెను గట్ల రోజు ఇంట్లకు పిలుస్తరానే?"

"బత్కున్నోళ్లు ఎవ్వలన్న గంత ఓపికగ అడిగిండ్రా నా బిడ్డను?" అన్నది అవ్వ.

వాడి వాడి క్యాసెట్ అరిగిపోయింది. టీవీ నిండా చుక్కలే మిగిలాయి. ఇక పెట్టడం మానేశాం. అయినా చెల్లె ఆ వేళకు ఆపి ఉన్న టీవీ ముందు కూర్చునేది. "అన్నం" అని, సరిగ్గా టీచరమ్మ ఆగినంతసేపు ఆగి, "నీళ్లు" అనేది. మధ్యలో ఎవరో అడుగుతున్నట్టే ఉండేది. నేను ఆ గదిలోకి పోవడం మానుకున్నాను.

ఒకరోజు అవ్వ పోయి టీవీకి అడ్డంగా కూర్చుంది. చెల్లె చెయ్యి తీసుకొని తన గొంతు మీద పెట్టుకుంది. "అవ్వ" అని, ఆగింది. చెల్లె ఆమె మొహంలోకి చూసి, మెల్లగా "అవ్వ" అన్నది.

అవ్వ ఏడుస్తూ దాన్ని దగ్గరికి తీసుకుంది. చెల్లె మాత్రం అవ్వ భుజం మీదుగా నల్లటి టీవీ వైపే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, చప్పట్లు పడినట్టే నవ్వింది.