బల్ల కింద పాఠం

నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. చేతికి రాబోయే ఉద్యోగాన్ని, బడుల ఇన్‌స్పెక్టరుగారి ఎదుటే, ఇంచుమించు సిరాలో ముంచేసిన ఘనుణ్ణి నేను.

గోదావరి మీద రైలు వంతెన లేస్తున్న రోజులవి. పంతుళ్ళను తయారుచేసే బడిలో, రాజమహేంద్రవరంలో చదువుకుంటున్నాను. మాకు బోధన నేర్పే ఏసుదాసుగారు బెత్తం పట్టని మనిషి. "పిల్లలు మొండికేస్తే ముందు వాళ్ళ ఎత్తుకు వంగండయ్యా. ఏం కష్టమొచ్చిందో కనుక్కోండి" అనేవారు. ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. బుర్రలోకి మాత్రం ఒక్క గీతా దిగలేదు.

పాఠాలు చెప్పడంలో మాకు చేయి తిరగడానికి పక్కనే చిన్న పిల్లల బడి ఉండేది. అందులో కొత్తగా చేరిన సువార్తమ్మకు ఏడేళ్ళు. రావడం రావడమే పంతులు బల్ల కిందకు దూరేది. సాయంత్రం మేనత్త వచ్చి తీసుకుపోయేదాకా అక్కడే! మాటా పలుకూ లేదు. బతిమాలాను, కళ్ళెర్రజేశాను, జీళ్ళు పెట్టాను. జీళ్ళు మాత్రం తీసుకుంది.

ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చే రోజు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఆ పిల్లను నాకొదిలెయ్యండి. చిటికెలో ముందు వరసలో కూర్చోబెడతాను."

"తొందరపడకయ్యా" అన్నారు ఏసుదాసుగారు.

"మీరు చెప్పిందేగదండీ, వాళ్ళ ఎత్తుకు వంగమని!"

వంగాను. కష్టం కనుక్కోవడానికి కాదు, రెక్క పట్టి లాగడానికి. అప్పట్లో నా ఒళ్ళు ధాన్యం గాదెకు తమ్ముడిలా ఉండేది. అలాంటివాణ్ణి సగం లోపలికి వెళ్ళేసరికి కోటు మేకుకు తగులుకుంది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడు!

"ఏమండీ ఏసుదాసుగారూ, ఈ తరగతికి పంతుల్లేడా?" ఇన్‌స్పెక్టరుగారి గొంతు.

"ఉన్నాడండీ... ఇప్పటిదాకా ఉన్నాడు."

కాళ్ళు కూడా లోపలికి ముడుచుకున్నాను. ఒణుకు మొదలైంది. నాతోపాటు బల్ల, బల్లతోపాటు పైనున్న సిరాబుడ్డి టకటకలాడాయి.

అప్పుడు నా చెవి దగ్గర చిన్న గుసగుస.

"మాస్టారండీ, బయ్యమేస్తోందాండీ?"

నేను మొదటిసారి విన్న సువార్తమ్మ గొంతు అదే. "ఊ" అన్నాను. అబద్ధమాడే స్థితిలో లేను.

"ఏం కాదండి. గాలివానొచ్చినప్పుడు మా నాన్న నన్ను మంచం కిందకి తోసేశాడండి. కప్పంతా పడిపోయినా నాకేం కాలేదండి."

"మరి మీ నాన్న?"

"మంచం కింద నాన్న పట్టలేదండి." నాకు చోటిస్తూ ఇంకొంచెం గోడ వైపు జరిగింది. "మీరు పట్టారుగదండీ."

ఒణుకు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరూ, ఉద్యోగమూ ఎక్కడికో పోయాయి. ఈ పిల్లనా నేను మొండిఘటమనుకున్నాను!

"ఉండండి, చూసొస్తాను" అంటూ మెల్లగా బయటికి పాకింది. తల ఎత్తి కప్పు చూసింది. కిటికీలోంచి ఆకాశం చూసింది. తిరిగి వచ్చి నాకు చెయ్యి అందించింది.

"గాలి లేదండి. వచ్చెయ్యండి."

ఆ చెయ్యి పట్టుకుని లేచాను. మేకు వదలకపోవడంతో తాబేలులా బల్లను వీపునేసుకునే లేచాను. సిరాబుడ్డి ఎగిరి ఇన్‌స్పెక్టరుగారి తెల్లటి పంట్లాం మీద నీలి గోదావరిని పారించింది.

"ఎవరది?" గర్జించారాయన.

సువార్తమ్మ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడింది. "మా మాస్టారండి. బయపడ్డారండి. కొట్టకండేం."

ఆయన పిల్లను చూశారు, నన్ను చూశారు, పంట్లాం చూసుకున్నారు. పకపకా నవ్వి, అక్కడే నిలబడి తనిఖీ పుస్తకంలో రాశారు: "ఈ తరగతిలో ఒక విద్యార్థిని పంతులుగారి ప్రవర్తనను ఎంతో ఓర్పుతో చక్కదిద్దినది. పంతులుగారు ఆమె వద్ద మరికొంత కాలము అభ్యసింపవలెను."

అభ్యసించాను కూడా. అందుకే సకల పంతుళ్ళ సమక్షంలో ఇదే నా ఘోర ప్రతిజ్ఞ: లోపలున్నవాళ్ళు తమంతట తాము జరిగి చోటిస్తే తప్ప, ఇక ఏ పిల్ల భయంలోకీ చొరబడను. ఒకవేళ చోటిచ్చినా, కోటు విప్పే వెళతాను.