మా చర్చికి మూడుసార్లు నూరేళ్ళు

మా ఫాదర్‌గారికి జూబిలీల పిచ్చి. కొందరికి చుట్ట, కొందరికి పేకాట, ఆయనకి జూబిలీ. పాతికో, యాభయ్యో, నూరో, దేనికో ఒకదానికి నిండాయని చెప్పి పండగ చెయ్యకపోతే ఆయనకి ఆ ఏడాది గడిచినట్టే ఉండదు. వీధి వీధంతా ఆయన్ని జూబిలీ ఫాదర్ అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కోపం రాకపోగా, ఆ పేరు వచ్చి పాతికేళ్ళు ఎప్పుడవుతుందో కాస్త లెక్క చూడమని ఒకసారి నన్నే అడిగారు.

నేను ఆ చర్చి బడిలో చరిత్ర పంతుల్ని. చరిత్ర అంటే తేదీలని నమ్మినవాణ్ణి. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టారు. నేను చేరిన ఏడాదే మేడమెట్లకి స్వర్ణోత్సవం జరిగింది. వెటకారం కాదు, నిజంగానే జరిగింది. బడి మేడ మీదికి వెళ్ళే మెట్లకి పూలదండలు కట్టించి, పిల్లల చేత పాట పాడించి, మొదటి మెట్టు మీద నిలబడి ఆయన ఉపన్యాసం ఇచ్చారు. ఈ మెట్లెక్కి ఎంతమంది పైకొచ్చారో తలుచుకోమన్నారు. కాలు జారి కిందికొచ్చినవాళ్ళని కూడా తలుచుకోవాలా అని డ్రిల్లు మేష్టారు నా చెవిలో అడిగాడు. మరుసటి ఏడు బావికి చేశారు. ఆ పై ఏడు గంటకి. గంట పుట్టి కాదు, దానికి పగులు వచ్చి పాతికేళ్ళయిందని.

ఇవన్నీ చిల్లర జూబిలీలు. అసలు గొడవ నూరేళ్ళ పండగతో వచ్చింది. ఎవరికైనా నూరేళ్ళు ఒక్కసారే నిండుతాయి. మా చర్చికి నేను చూస్తుండగానే రెండుసార్లు నిండాయి, మూడోసారి నిండబోతున్నాయని ఆదివారం పూజలో ప్రకటన వచ్చింది. బ్యానర్లు రాసే పెయింటరు అయితే పాత గుడ్డ పారెయ్యడం ఎప్పుడో మానేశాడు. నూరు అన్న అంకె అలాగే ఉంచి, కింద ఏడాది మాత్రం చెరిపి మళ్ళీ రాసేవాడు. ఈసారైనా పక్కా రంగు వెయ్యమంటారా, లేక తుడిస్తే పోయేదే వెయ్యమంటారా అని మర్యాదగా అడిగేవాడు. తుడిస్తే పోయేదే మంచిదని ఫాదర్‌గారు అనేవారు.

ఆ మూడో నూరేళ్ళకి సంచిక రాసే పని నా నెత్తిన పడింది. సరే, చర్చి ఏ ఏడాది మొదలైందో చెప్పండి, మిగతాది నేను చూసుకుంటానని ఆయన గదికి వెళ్ళాను. మొదలవడమంటే ఏమిటని ఆయన నన్ను ఎదురు ప్రశ్న వేశారు. మొదటి పూజ జరిగింది ఉప్పు గోదాములో. అది అద్దె గోదాము కాబట్టి చర్చి అనలేం. కానీ పూజ జరిగింది కాబట్టి కాదనీ అనలేం. బడి మాత్రం అప్పటికే ఆ గోదాము అరుగు మీద నడుస్తోంది. అంటే చర్చి బడి చర్చికంటే పెద్దది. తర్వాత వీధికి ఇటుపక్క శంకుస్థాపన చేశారు, గోడలు లేచాయి, కప్పు వేశారు, మొదటి వానకే కప్పు కూలింది. కూలిన కప్పు కింద ప్రార్థన చేస్తే అది ఏ ఖాతాలోకి వస్తుంది? మళ్ళీ కప్పు వేశారు. ఆ తర్వాత ఎప్పటికో బిషప్‌గారు వచ్చి దీవించారు. ఇందులో మొదలేదో నువ్వే చెప్పు మేష్టారూ అన్నారు.

నాకు బుర్ర తిరిగింది. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ కూరగాయలు తరుగుతూ, ఆ లెక్కన మన పెళ్ళి ఎప్పుడైనట్టు అని అడిగింది. పెళ్ళిచూపులకి ఒకటి, తాంబూలాలకి ఒకటి, నేను మొదటిసారి ఆవిడ మాట విన్న రోజుకి ఒకటి. చివరిదాని జూబిలీకి మాత్రం ఇంకా టైముందట.

ఇంత అయోమయంలోనూ తలకాయ తిన్నగా ఉన్న మనిషి మా హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఒక్కతే. ఆవిడ గోడగడియారం లాంటిది. ఆవిడ మనసులో ఒక పని చాలా కాలంగా మిగిలిపోయి ఉంది. కుట్టు టీచరమ్మని పంపించడం. టీచరమ్మ వయసు ఎప్పుడో దాటిపోయింది. చూపు మందగించి, సూదిలో దారం పిల్లలే ఎక్కించి ఇచ్చేవాళ్ళు. ముందూ వెనకా ఎవరూ లేరు. మెట్ల కింద కుట్టుగది, దానికి ఆనుకుని ఆవిడ ఉండే చిన్నగది. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. సిస్టర్‌కి ఆవిడంటే పగేం లేదు, రూలంటే ప్రాణం, అంతే. ప్రతి ఏడూ ఆ మాట ఎత్తేది. మళ్ళీ తనే విసుగ్గా, సరే, ఈ జూబిలీ కానివ్వండి అనేది. జూబిలీకీ కుట్టు టీచరమ్మకీ సంబంధమేమిటో నాకు అంతుపట్టలేదు. పండగ బట్టలు కుట్టించుకోవడానికేమో అనుకున్నాను.

ఇంతలో బిషప్‌గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఒకే చర్చి నూరేళ్ళ పండగకి ఆయన్ని మూడోసారి పిలిచేసరికి ఆయనకీ అనుమానం తగిలినట్టుంది. తన కార్యదర్శిని పంపుతున్నారట. ఏ ఏడాది నిజమో తేల్చి చెప్పాలి. లేకపోతే పండగ రద్దు. తేల్చే పని, చరిత్ర పంతుల్ని కాబట్టి, నాదే.

నాకు హుషారొచ్చింది. శంకుస్థాపన జరిగితే రాయి ఉండాలి కదా. చర్చి చుట్టూ తిరిగాను, గోడలు తడిమాను, పావురాల చేత తిట్లు తిన్నాను. చివరికి మిగిలింది చర్చి పాత గోడని ఆనుకుని ఉన్న కుట్టుగది. అక్కడ గోడకి ఒక భారీ చెక్క బీరువా ఉంది. డ్రిల్లు మేష్టారూ నేనూ కలిసి దాన్ని జరిపాం. వెనక రాయి. రాయి మీద ఏడాది. ఒక్క అక్షరం చెక్కుచెదరలేదు. ఆ లెక్కన మా చర్చికి నూరేళ్ళు నిండి, ఎవరూ పట్టించుకోకుండానే ఎప్పుడో దాటిపోయాయి.

కుట్టు టీచరమ్మ కుర్చీలోంచి, దొరికిందా నాయనా అని తాపీగా అడిగింది. రాయి ఉందని ఆవిడకి తెలుసట. గోడకి చెమ్మ పడుతోందని ఆ బీరువా అక్కడ పెట్టించింది ఫాదర్‌గారేనట. నేను గోడ తాకి చూశాను. ఎండిన రొట్టెలా పొడిగా ఉంది.

నేను నేరుగా ఫాదర్‌గారి గదికి వెళ్ళాను. ఆయన విరిగిన కుర్చీకి మేకు కొడుతున్నారు. రాయి దొరికిందని చెప్పాను. ఆయన సుత్తి కింద పెట్టారు.

"బీరువా మళ్ళీ వెనక్కి జరిపావా?"

"లేదండీ. అసలు మీకు ముందే తెలిసి..."

"ముందు అది జరిపి రా. తర్వాత మాట్లాడదాం."

జరిపి వచ్చాను. అప్పుడు చెప్పారు. ఈ చర్చి పెట్టిన మొదటి ఫాదర్ ఒక కట్టుబాటు చేసిపోయారట. జూబిలీ జరిగే ఏడాదిలో ఈ గేటు లోపలున్న ఏ మనిషినీ బయటికి పంపకూడదు. పంతులైనా, పిల్లాడైనా, ఊడ్చేవాడైనా సరే. అప్పటి బిషప్‌గారు ఒప్పుకున్న కట్టుబాటు, ఇప్పటికీ ఎవరూ తీసెయ్యలేదు. చర్చి కమిటీకి తెలుసు, సిస్టర్‌కి తెలుసు. గంట పగులు జూబిలీ దగ్గుతో మంచమెక్కిన వాచ్‌మన్ కోసం. బావి జూబిలీ రెండుసార్లు తప్పిన ఏడో తరగతి అల్లరి మూక కోసం. నూరేళ్ళ పండగలు వరసగా కుట్టు టీచరమ్మ కోసం. చిన్న జూబిలీ చాలదా అంటే, వయసు దాటినవాళ్ళని ఆపాలంటే పెద్దదే కావాలని సిస్టర్ పట్టుబట్టిందట.

"మరి ఆ మేడమెట్లు ఎవరికోసమండీ?" అని నవ్వుతూ అడిగాను.

ఆయన మేకు వైపు చూశారు. "మొదటి ఏడాది నీ క్లాసులో చరిత్ర ఎంతమంది తప్పారో గుర్తుందా మేష్టారూ?"

గుర్తుంది. నా నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆ మెట్ల మీద కట్టిన పూలదండలని చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. నా ఉద్యోగం ఆ దండలకి వేళ్ళాడుతోందని నాకేం తెలుసు? చాలా సిగ్గేసింది, ఆయన మీద చెప్పలేనంత ఇష్టం కూడా కలిగింది. వెళ్ళి కుర్చీ పట్టుకున్నాను, ఆయన మేకు కొట్టారు.

కార్యదర్శి ఫాదర్ వచ్చారు. నడివయసువాడు, చురుకైనవాడు. అందరినీ కూర్చోబెట్టి, మేష్టారూ, చర్చి ఏ ఏడాది మొదలైంది, ఒక్క ముక్కలో చెప్పండి అన్నారు. ఒక మూల కుట్టు టీచరమ్మ చేతిలో దారం పట్టుకుని నా మాట కోసం చెవి ఒగ్గి కూర్చుంది.

"మొదలవడమంటే ఏమిటండీ?" అన్నాను.

ఉప్పు గోదాముతో ఎత్తుకున్నాను. అరుగు మీద బడి, బడికంటే చిన్నదైన చర్చి, అద్దె గోదాములో పూజ, కప్పు పడడం, లేవడం, ఆ మధ్యలో చేసిన ప్రార్థనల హోదా, అన్నీ వివరంగా విన్నవించాను. ఒక్కటీ అబద్ధం కాదు. ఆయన మొదట రాసుకున్నారు, తర్వాత కొట్టేశారు, తర్వాత కలం మూసేసి మంచినీళ్ళు అడిగారు. తాగాక, శంకుస్థాపన రాయి ఉండాలి కదా, పాత గోడ ఏదీ అంటూ లేచి కుట్టుగదిలోకి నడిచారు. మేమంతా వెనకాలే వెళ్ళాం. ఆయన బీరువా మీద చెయ్యి వేశారు.

అంతలో హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ముందుకొచ్చి, బీరువాకి వీపు ఆనించి నిలబడింది.

"అది కదలదు ఫాదర్. చాలా బరువు. నేను చూశాను."

ఆవిడ మాటకి ఎదురు చెప్పిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కార్యదర్శి చెయ్యి తీసేశారు. ఈ చర్చి మొదలైన ఏడాది తేలడం కష్టమనీ, ఈసారికి పండగ జరుపుకోవచ్చనీ బిషప్‌గారికి చెబుతానన్నారు. సిస్టర్ వెంటనే నా వైపు తిరిగి, సంచికలో అచ్చుతప్పులుంటే ఊరుకోనంది. కుట్టు టీచరమ్మ, సూదిలో దారం ఎక్కించమని సిస్టర్‌కే అందించింది. సిస్టర్ ఎక్కించి ఇచ్చింది.

గేటు దాకా సాగనంపడానికి వెళ్ళాం. ఫాదర్‌గారు కార్యదర్శి భుజం మీద చెయ్యి వేసి, తమరు గురుపట్టం తీసుకుని ఫాదర్ అయి ఎన్నాళ్ళయిందని ఆప్యాయంగా అడిగారు. ఇరవై నాలుగేళ్ళని ఆయన చెప్పారు, పాపం, ఏమీ తెలియక.

"అయితే వచ్చే ఏడు పాతిక. ఇక్కడే చేద్దాం" అన్నారు మా ఫాదర్‌గారు.