సండూరు ఇంట్లో తడిసిన చీర

ఎవరైనా "ఆ ఇంట్లో దయ్యముంది" అంటే, "అయితే అద్దె తగ్గించారా?" అని అడిగే రకం నేను. బళ్లారి బజారులో బట్టల కొట్టువాళ్ల ఇంట్లో పుట్టి, సైన్సు డిగ్రీ చదివి, మిస్టరీ నవలలు రాసుకుంటున్నాను. నా నవలల్లో దయ్యం కనిపిస్తే, చివరి అధ్యాయంలో దాని ముసుగులోంచి మేనల్లుడో మేనేజరో బయటపడాల్సిందే.

చోటు చూడకుండా రాసేవాళ్లంటే నాకు మంట. కొత్త నవలలో హత్య గనుల లారీలు తిరిగే రోడ్డు పక్క ఇంట్లో జరగాలి. అలాంటి ఇల్లు వెతుక్కుంటూ మొన్నటి వేసవిలో సండూరు వెళ్లాను. అక్కడ నా చిన్ననాటి స్నేహితురాలు నాగరత్న ఉంటుంది. వాళ్ల అత్తగారు పోయినప్పటి నుంచి ఆవిడ ఉన్న పాత ఇల్లు ఖాళీగా ఉంది.

ఖాళీగా ఉండడానికి కారణం ఊరి నోరు. ముసలావిడ అక్కడే తిరుగుతోందని ఎవరో అన్నారు, ఇక ఎవరూ అద్దెకు రారు. మరిది పడగొట్టేద్దామంటున్నాడు. నాగరత్న కొత్తకోడలిగా అడుగుపెట్టిన ఇల్లది. ఆ రోజు ఒక స్కూలు మాస్టారు, భార్య చూడడానికి వస్తున్నారు. వాళ్లూ కాదంటే పడగొట్టడానికి ఒప్పుకుంటానని నాగరత్న మరిదికి మాటిచ్చేసింది.

"నువ్వు సదువుకున్నదానివి గదమ్మే, దయ్యం లేదని వాళ్లకి నువ్వే చెప్పు" అంది.

అదేం పెద్ద పని! పుట్టినప్పటి నుంచీ నేను చేస్తున్నది అదే.

ముందు గది కిటికీకి పాత నూలు చీర కట్టి ఉంది. లారీల రోడ్డు మీది ఇళ్లలో మధ్యాహ్నం పూట పాత చీర తడిపి కిటికీకి కడతారు. సందుల్లోంచి వచ్చే గనుల దుమ్ము దానికి అంటుకుంటుంది. అత్తగారు చివరిసారి కట్టిన చీరట అది. "తీసేద్దామంటే సెయ్యి రాదు మే" అంది నాగరత్న. పట్టుకుని చూశాను. అప్పడంలా బిగుసుకుపోయి ఉంది, వేళ్లకు ఎర్రటి పొడి అంటుకుంది. నవలకు పనికొస్తుందని ఫోటో తీసుకున్నాను.

కోతులు దూరతాయని వీధి తలుపు లోపల గడియ వేసి, ఇద్దరం పెరట్లోకి వెళ్లాం. నా హంతకుడు పారిపోవడానికి పెరటి గోడకున్న వెనక తలుపు కావాలి. దాని గడియ తుప్పు పట్టి కదల్లేదు.

"నీ హంతకుడు ఈ గడియ తీసేలోపల పోలీసోళ్లు ఉప్మా తిని, కాఫీ తాగి వస్తారు. సుమ్నే, ఊరికే ముందర నుంచే పంపీ."

"అలా పంపితే పాఠకులు నన్ను హత్య చేస్తారు."

ఇలా వాదించుకుంటుంటే వీధి తలుపు చప్పుడైంది. ఇద్దరం కలిసే ముందు గదిలోకి వచ్చాం.

చీర తడిగా ఉంది.

నీడ పడిందనుకున్నాను. దగ్గరికెళ్లి అంచు పిండితే ఎర్రటి నీళ్లు కారాయి. కింద దుమ్ములో బొట్లు పడి గుంటలు చేశాయి. ఆ ఇంటికి నీళ్ల కనెక్షను ఎప్పుడో తీసేశారు. నా నీళ్ల సీసా భుజాన సంచిలోనే, మూత విప్పకుండా ఉంది. కిటికీ అద్దాల రెక్కలకు లోపలే గడియ. పైకప్పు పొడిగా ఉంది. నేను నాగరత్నను చూశాను, ఆమె నన్ను చూసింది.

నాగరత్న వెళ్లి తలుపు తీసింది. మాస్టారు గుమ్మంలోనే నిలబడి, మొహమాటపడుతూ అడిగారు: "ఈ ఇంటి గురించి ఏందేందో అంటాండారు మేడమ్. ఏమన్నా ఉండాదా?"

నాగరత్న నా వైపు తిరిగింది. నా ఉపన్యాసం సిద్ధంగానే ఉంది, నేను మాత్రం చీర అంచు ఇంకోసారి పిండి చూశాను.

ఆయన భార్య చంటిబిడ్డను చంకనేసుకుని నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లింది. చీర మీద అరచెయ్యి ఆనించింది.

"ఎవరక్కా తడిపింది? మా అమ్మ ఇట్లే కట్టేది. మా బిడ్డకి ధూళి పడదు, ఇప్పుడుండే ఇంట్లో ఒకటే దగ్గు." మొగుడి వైపు తిరిగింది. "ఇంగ యాడా చూడొద్దు. ఈ ఇల్లే సాలు."

"మా అత్త అలవాటు లేమ్మా అది" అంది నాగరత్న. అందులో అబద్ధం లేదు. నేను నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్లు ఈ ముక్క మాత్రం నమ్మరు.

తర్వాత బస్టాండులో గొడవపడ్డాం.

"నువ్వే తడిపినావు!" అన్నాను.

"నీ పక్కనే ఉంటి గదే, యాడ తడిపేది?"

నిజమే. పెరట్లో ఉన్నంతసేపూ ఆమె నా కళ్లముందే ఉంది. తర్వాత ఈ సంగతి విని, గాలిలో తేమ అన్నారొకరు. బళ్లారి ఎండల్లో తేమ! తువ్వాలు దండెం మీద వేసేలోపే ఆరిపోతుంది. అయినా మా ఇంట్లో తలుపులు బిగించి, అలాంటి చీరే కట్టి చూశాను. చెమ్మ కూడా పట్టలేదు.

ఇల్లు నిలబడింది. వాళ్లు అందులోనే ఉంటున్నారు, బిడ్డకు దగ్గు తగ్గిందట. చీర తడిపింది ఎవరని మాస్టారి భార్య ఆ రోజు అడిగింది. నాగరత్న గానీ నేను గానీ ఇంతవరకూ చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి.