సోమాలమ్మ సాక్ష్యం

తుమ్మపాలలో చెరకు కోతలకు వెళ్ళి బతికే సోమాలమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా కళ్ళతో చూసినదానికీ మనసు ఊహించినదానికీ తేడా ఆమెకు తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

1944 మాఘమాసంలో ఆమె తమ్ముడు జగ్గన్న చెరకుతోట తగలబడిపోయింది. జగ్గన్నతో పాత తగాదా ఉన్న దేముడు అనే పక్క పొలం రైతే నిప్పు పెట్టాడని ఊరంతా తేల్చేసింది. మంటలు లేచినప్పుడు అతను గట్టు మీద పరిగెత్తడం చూసింది సోమాలమ్మ ఒక్కతే. మునసబు ఆమెను పిలిపించాడు.

“దేముడు నిప్పెట్టడం సూసేవా?”

“పరిగెట్టడం సూసేను బాబూ. నిప్పెట్టడం సూళ్ళేదు.”

“తప్పు సెయ్యనోడు ఎందుకు పరిగెడతాడప్పా?” అని జగ్గన్న అక్క మీద అరిచాడు.

“బయపడ్డాడో, ఆర్పడానికి మనుసుల్ని పిలవడానికెళ్ళేడో నాకు తెల్దురా. నువ్వు నా తమ్ముడివని, తెల్నిదాన్ని తెలుసునని ఎలా సెప్పను? నా మాట మీద ఆడు జైలుకెళ్తాడు.”

ఆమె గట్టి మనిషని అందరికీ తెలుసు. ఇంత గట్టిదని ఆ రోజే తెలిసింది.

మునసబు దేముణ్ణి వదిలేశాడు. నిప్పు ఎవరు పెట్టారో చివరికీ తేలలేదు. జగ్గన్న అక్కతో మాటలు మానేశాడు. సోమాలమ్మ మాట మార్చుకోలేదు, తమ్ముణ్ణీ వదులుకోలేదు. మళ్ళీ చెరకు నాటే వేళకు పిలవకుండానే వెళ్ళి, అతని పొలంలో వారం రోజులు వంచిన నడుం ఎత్తకుండా పనిచేసింది. ఎనిమిదో రోజున జగ్గన్న అంబలి ముంత తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“తాగప్పా, ఎండెక్కిపోయింది” అన్నాడు.