ఏర్గట్ల గంగమణి అరవలేదు

1994లో ఆర్మూరు పసుపు మార్కెట్ వెనక ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చేరాను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లను, అప్పుడే నర్సింగ్ పూర్తయింది, ముక్కు మీద కోపం. ఖాళీ దొరికితే ఇంటికి ఫోన్ చేస్తానని అందరూ ‘ఫోన్ సిస్టర్’ అనేవాళ్లు. డాక్టరమ్మ ఉండేది నిజామాబాద్‌లో. కాన్పు దగ్గరపడ్డాక మేం ఫోన్ చేస్తేనే వచ్చేది.

కాన్పులన్నీ సీనియర్ నర్సు సరోజక్క చేతుల మీదే జరిగేవి. ఆమె పీవీ, అంటే లోపల చేత్తో పరీక్ష, చేసేదే కాదు. వరండాలో కూర్చుని అరుపులు వినేది. గొంతు మారితే టేబుల్ ఎక్కించమనేది. టేబుల్ మీద అరిస్తే మాత్రం తొడల మీద చరిచేది.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీకి వచ్చేసరికి ఏర్గట్ల నుంచి వచ్చిన గంగమణి బెంచీ మీద కూర్చుని ఉంది. రెండో కాన్పు. మడతపెట్టిన గుడ్డను పళ్లతో కరిచి పట్టుకుంది. మెడంతా చెమట.

“గీ గుడ్డేంది పెద్దమ్మా?” అని ఆమె అత్తనడిగాను.

“పోయినసారి గీడనే మస్తు ఒర్రి దెబ్బలు తిన్నది బిడ్డా. గీసారి సప్పుడు చెయ్యకని నేనే ఇచ్చిన.”

ఒర్రుడంటే అరవడం. నాకు ఒళ్లు మండింది. “అక్కా, పీవీ చేసిండ్రా?” అని సరోజక్కనడిగాను.

“ఒర్రనియ్యవే, గప్పుడు చూద్దం. నొప్పులే లేనిదానికి చెయ్యి పెట్టుడెందుకు? నీ పట్నం సదువు గిక్కడ చూపియ్యకు.”

ఆమె మాట వినకుండా గంగమణిని లోపలికి తీసుకెళ్లాను. ఉమ్మనీరు ఎప్పుడు పోయిందో, చీర పచ్చగా తడిసి ఉంది. బిడ్డ కడుపులోనే మలవిసర్జన చేస్తే నీరు అలా పచ్చబడుతుంది. పొట్ట మీద ఫీటోస్కోప్ ఆనించి విన్నాను. అది బిడ్డ గుండెచప్పుడు వినే చిన్న గొట్టం. చప్పుడు ఆగి ఆగి వస్తోంది. పీవీ చేస్తే గర్భసంచి ద్వారం పూర్తిగా తెరుచుకుని ఉంది, బిడ్డ తల అడ్డం తిరిగి ఇరుక్కుంది.

ఫోన్ దగ్గరికి పరుగెత్తాను. “మేడమ్, ఉన్నపళంగా రండి!”

డాక్టరమ్మ వచ్చి, తలకు వాక్యూమ్ కప్పు పెట్టి లాగింది. మగపిల్లాడు. ఊపిరి తీయలేదు. ఛాతీ నొక్కాం, గాలి పట్టాం. లాభం లేకపోయింది.

సరోజక్క చేతులు కడుక్కుంటూ నసిగింది. “నోట్ల బట్ట పెట్టుకుంటే నాకేం ఎరుక? నొప్పి ఉంటే చెప్పద్దా?”

“కొట్టి నోరు మూయించింది నువ్వు. మళ్ల గా నోరు ఎప్పుడు తెరుస్తదా అని కూసున్నది నువ్వే!” అని అరిచాను.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, పేషెంట్ల ముందు గొంతు లేపొద్దని మందలించింది. సరోజక్కను ఒక్క మాటా అనలేదు.

సాయంత్రం సెలైన్ మారుస్తుంటే గంగమణి నా చెయ్యి పట్టుకుంది.

“సిస్టరమ్మా, గీసారి నేను ఒర్రలే గదా?”

“ఒర్రలేదమ్మా” అన్నాను.

తర్వాత చాలాచోట్ల పనిచేశాను. మన చెయ్యి చూసి భయపడే తల్లి తన నొప్పి ఎంతో మనకు చెప్పదు. ఆ సంగతి నర్సింగ్ స్కూల్లో ఎవరూ నేర్పలేదు, గంగమణి నేర్పింది. నిమ్మళంగా కూర్చున్న గర్భిణి కనిపిస్తే, ఇప్పటికీ ముందు ఆమె దగ్గరికే వెళ్తాను.